సింపులా, ఇంటర్మీడియటా, కాంప్లెక్సా? గాయం కుట్లకు ఏ కోడ్ వేయాలి

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఎమర్జెన్సీ చార్టులు చూసి, డాక్టర్ చేసిన చికిత్సకు బిల్లింగ్ కోడ్ ఇచ్చే మెడికల్ కోడర్లకు తరచూ ఎదురయ్యే కేసు ఇది. ముంజేతి మీద 4 సెంటీమీటర్ల కోత, డాక్టర్ కుట్లు వేసి ఇంటికి పంపారు. సీపీటీలో, అంటే అమెరికాలో వైద్య సేవలకు వాడే కోడ్‌ల జాబితాలో, దీనికి మూడు కోడ్‌లు ఉన్నాయి. సింపుల్ రిపేర్ అయితే 12002, ఇంటర్మీడియట్ అయితే 12032, కాంప్లెక్స్ అయితే 13121. గాయం అదే, పొడవూ అదే. కోడ్ మారేది డాక్టర్ చేసిన పనిని బట్టి.

కొత్తవాళ్లు గాయం లోతు చూసి కోడ్ ఎంచుకుంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. డాక్టర్ రాసిన నోట్‌లో 'డీప్ లేసరేషన్' (లోతైన గాయం) అని ఉండి, కరిగిపోయే దారం వాడారని కనిపిస్తే చాలు, 12032 వేసేసేదాన్ని. ఉద్యోగంలో చేరిన రెండో నెలలో అలాంటి చార్ట్ ఒకటి ఆడిట్‌లో తప్పని తేలింది. ఆ డాక్టర్ కరిగే దారంతోనే చర్మాన్ని ఒకే పొరగా కుట్టారు. గాయం లోతుగా ఉన్నా ఒకే పొరగా మూస్తే సాధారణంగా అది సింపులే. ఇంటర్మీడియట్ కావాలంటే చర్మం కింది కణజాలాన్నో, కండరానికి చెందని పైపొర ఫేసియానో (కణజాలాన్ని కప్పి ఉంచే పలుచని పొర) విడిగా కుట్టి, ఆ తర్వాత చర్మాన్ని మూయాలి. ఆ రెండు పొరల మాట నోట్‌లో ఉండాలి. మన ఊహలో ఉంటే సరిపోదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. మట్టి, గాజు ముక్కలు బాగా ఇరుక్కున్న గాయాన్ని చాలాసేపు శుభ్రం చేయాల్సి వస్తే, ఒకే పొరగా కుట్టినా ఇంటర్మీడియట్ ఇవ్వొచ్చు. మామూలుగా సెలైన్‌తో కడిగినంత మాత్రాన కుదరదు.

కాంప్లెక్స్‌తో తేడా 2020లో మార్చిన నిర్వచనాల వల్ల ఇంకా స్పష్టమైంది. గాయం అంచుల కింద చర్మాన్ని వదులు చేయడాన్ని అండర్‌మైనింగ్ అంటాం. అది గాయం గరిష్ఠ వెడల్పు కన్నా తక్కువ దూరం ఉంటే ఇంటర్మీడియట్‌లో భాగం. ఒక పూర్తి అంచు పొడవునా ఆ వెడల్పుకు సమానంగానో ఎక్కువగానో చేస్తేనే కాంప్లెక్స్‌కు పనికొస్తుంది. ఎముకో, టెండనో (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) బయటపడినా కాంప్లెక్స్ కావచ్చు, కానీ ముందు ఇంటర్మీడియట్ షరతులు తీరాలి.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మాత్రం శరీర భాగాల గుంపులు. ముంజేతికి 3 సెంటీమీటర్లు, అరచేతికి 2 సెంటీమీటర్లు కోత పడిందనుకోండి. రెండూ సింపుల్ అయితే ఒకే గుంపు కాబట్టి పొడవులు కలిపి 5 సెంటీమీటర్లకు 12002 ఒక్కటే ఇస్తాం. రెండూ ఇంటర్మీడియట్ అయితే అరచేయి వేరే గుంపులోకి, అంటే మెడ, పాదాలతో కలిసి 12041 నుంచి మొదలయ్యే వరుసలోకి వెళ్తుంది. అప్పుడు 12032, 12041 అని రెండు కోడ్‌లు, రెండోదానికి 59 మోడిఫయర్, అంటే అది విడిగా చేసిన పని అని చెప్పే గుర్తు. ముఖానికి 12051 నుంచి వేరే వరుస. అక్కడ మిగతా వరుసల్లోలా 7.5 సెంటీమీటర్ల దాకా ఆగకుండా 5 సెంటీమీటర్ల దగ్గరే కోడ్ మారిపోతుంది. కొలత రాయని చార్ట్ చూస్తే నాకు ఇప్పటికీ టెన్షనే.

మరి సందేహం ఉంటే ఏది మేలు? డాక్టర్‌కి క్వెరీ (రాతపూర్వక ప్రశ్న) పెట్టే అవకాశం ఉంటే పెట్టండి. లేకపోతే నా సలహా, సింపుల్ కోడే వేయండి. రేటు ఎక్కువని ఇంటర్మీడియట్ వేస్తే, ఇన్సూరెన్స్ డిడక్టబుల్ (బీమా చెల్లించడానికి ముందు రోగి తానే భరించాల్సిన మొత్తం) ఇంకా తీరని రోగి ఆ తేడాను తన జేబులోంచి కట్టాల్సి వస్తుంది. అతని ముఖం మనం ఎప్పటికీ చూడం. అలాగని రెండు పొరలు కుట్టినట్టు నోట్‌లో స్పష్టంగా ఉన్నా, ఆడిట్ భయంతో 12002 ఇవ్వడమూ తప్పే. అది డాక్టర్ కష్టాన్ని కొట్టేయడం.

ఇంకో తేడా చాలామంది పట్టించుకోరు. మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) లెక్కలో 12002కి గ్లోబల్ పీరియడ్, అంటే తర్వాతి విజిట్లు మొదటి బిల్లులోనే కలిసే కాలం, సున్నా రోజులు, 12032కి 10 రోజులు. ఎనిమిదో రోజు రోగి కుట్లు తీయించుకోవడానికి అదే డాక్టర్ దగ్గరికి వస్తే, ఇంటర్మీడియట్‌లో ఆ విజిట్ మొదటి బిల్లులోనే కలిసిపోయి ఉంటుంది. సింపుల్‌లో విడిగా బిల్లు చేయొచ్చు. అందుకే మొదటి రోజు కోడ్ తప్పితే, ఎనిమిదో రోజు బిల్లు కూడా తప్పుతుంది.