మూడేళ్ల పిల్లల బడి: ఉమ్మడి కుటుంబం మేలా, చిన్న కుటుంబం మేలా?

ఇంటి నిండా మనుషులుంటే పిల్లలు సక్రమంగా బడికి వెళతారని చాలామంది నమ్మకం. మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లల విషయంలో అది సగమే నిజం.

ఉమ్మడి కుటుంబంలో దింపి రావడానికి, తీసుకురావడానికి ఎవరో ఒకరు దొరుకుతారు. పెదనాన్న కొడుకు బయలుదేరితే చిన్నదీ వాడి చెయ్యి పట్టుకుని వెళుతుంది. అయితే బడి మాన్పించడానికీ ఆ ఇంట్లో మనుషులకు కొదవ ఉండదు. తొమ్మిదింటికి పిల్ల నానమ్మ కొంగు పట్టుకుని రాగం తీస్తుంది. "ముక్కు కారుతోంది, ఇవాళ్టికి ఉండనీ, రేపు పంపుదాం" అంటుంది ఆవిడ. కోడలు ఎదురు చెప్పలేదు. కొన్ని ఇళ్లలో పంపుతారు గానీ, అంగన్‌వాడీలో అన్నం, గుడ్డు తినగానే తాతయ్య వచ్చి ఎత్తుకుపోతాడు. 1975 అక్టోబరు 2న, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) మొదలైనప్పుడే పోషకాహారంతోపాటు పూర్వ ప్రాథమిక విద్య కూడా అందులో ఉంది. పెద్దవాళ్ల లెక్కలో మాత్రం అది ఇప్పటికీ అన్నం పెట్టే చోటే.

చిన్న కుటుంబంలో ఈ గారాబం సాగదు. తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్లాలి కాబట్టి పిల్లను త్వరగా చేరుస్తారు, రోజూ పంపుతారు. చిక్కల్లా వేళలతోనే. చాలా ప్లేస్కూళ్లు మధ్యాహ్నానికే వదిలేస్తాయి, ఆఫీసు చూస్తే సాయంత్రం దాకా. ఆ మధ్య గంటలకు డేకేర్ ఖర్చు వేరే. యాభై మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో శిశు సంరక్షణ సదుపాయం ఉండాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది. పదిమంది ఉన్న బట్టల కొట్టులో నిలబడి చీరలు చూపించే తల్లికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. పిల్లకు జ్వరమొస్తే ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టాల్సిందే.

ఒంటరి తల్లికి ఆ రెండో మనిషి కూడా ఉండరు. ఎక్కువ గంటలు కావాల్సింది ఆమెకే, చేతిలో డబ్బు తక్కువా ఆమెకే. ఆమె అడిగితే, రంగులు వేసిన ప్లేస్కూలు కన్నా మంచి టీచరు, నమ్మకమైన ఆయా ఉండి సాయంత్రం దాకా నడిచే అంగన్‌వాడీయే మేలంటాను.

పాలమూరు వంటి వలస ప్రాంతాల్లో లెక్క మారిపోతుంది. పిల్లను అమ్మమ్మ దగ్గర వదిలి వెళితే ఆవిడ మోకాళ్లు సహకరించినన్నాళ్లు చదువు సాగుతుంది. వెంట తీసుకెళితే, వెళ్లిన చోట అంగన్‌వాడీలో చేర్చే వీలున్నా, ఇటుక బట్టీలు చాలావరకు ఊరికి దూరం. పొద్దున్నే పనిలోకి దిగిన తల్లి అంత దూరం ఎలా తీసుకెళ్లి దింపుతుంది?

నన్నడిగితే, తల్లిదండ్రులు వేరు కాపురం ఉండి, కబురు పెడితే వచ్చేంత దూరంలో అమ్మమ్మో నానమ్మో ఉన్న ఇల్లే అన్నిటికన్నా నయం. పంపాలా వద్దా అన్న నిర్ణయం తల్లిదండ్రులది, జ్వరం వచ్చిన రోజు సాయం పెద్దవాళ్లది. వేరు కాపురం కుదరని ఉమ్మడి ఇళ్లలో పొద్దున దింపి వచ్చే పని ఒక్కరికే అప్పగించాలి, అదీ పిల్ల ఏడుపుకు కరగని మనిషికి. చాలా ఇళ్లలో అలాంటి మనిషి బాబాయే.