ఇన్నిస్ట్రాడ్: రెండు సెట్లు బంగారం, మూడోది గిల్టు

మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో దెయ్యాల కథతో సెట్ (ఒకేసారి విడుదలయ్యే కార్డుల గుంపు) అనగానే బొమ్మలు భయంగా వేసి ఆట మామూలుగా వదిలేస్తారులే అనుకుంటాం. 2011 సెప్టెంబరులో వచ్చిన ఇన్నిస్ట్రాడ్‌లో మాత్రం భయాన్ని తీసుకెళ్లి రూల్స్‌లోనే పెట్టారు.

తోడేలు మనుషుల సంగతే చూడండి. ఒక టర్న్‌లో ఎవరూ స్పెల్ (మంత్రంలా ప్రయోగించే కార్డు) వేయలేదంటే చీకటి పడ్డట్టే, తర్వాతి టర్న్ మొదలవగానే కార్డు తిరగేస్తారు, అప్పటిదాకా బుద్ధిగా కూర్చున్న అవాబ్రక్ మేయర్ తోడేలైపోయి తన ఆటగాడి టర్న్ ముగిసే ప్రతిసారీ ఇంకో తోడేలును దింపుతూ ఉంటాడు. మళ్లీ మనిషి కావాలంటే ఒకే ఆటగాడు ఒక టర్న్‌లో రెండు స్పెల్స్ వేయాలి. దాంతో ఎందుకూ కొరగాని స్పెల్‌ని కూడా పారేయకుండా దాచుకుంటాం, చేయి ఖాళీ అయిందా ఇక టెన్షనే.

మ్యాజిక్‌లో రెండు వైపులా ముఖం ఉన్న కార్డులు మొదట వచ్చింది ఈ సెట్‌లోనే. వెనక వైపు చూసి అది ఏ కార్డో పట్టేయకుండా వెనక కనపడని స్లీవ్‌లు (కవర్లు) వేసుకోవాలి, లేదంటే ప్యాక్‌లో వచ్చే చెక్‌లిస్ట్ కార్డును డెక్‌లో పెట్టి అసలుదాన్ని పక్కన ఉంచుకోవాలి. నిజం చెప్పాలంటే చిరాకే, కానీ ఆట మొదలయ్యాక గుర్తుండదు.

అందరూ స్నాప్‌క్యాస్టర్ మేజ్, లిలియానా ఆఫ్ ది వెయిల్ కార్డులంటూ వెంటపడతారు గానీ నా ఓటు స్పైడర్ స్పానింగ్‌కే. డ్రాఫ్ట్‌లో (ప్యాక్‌లు విప్పి తలా ఒక కార్డు ఏరుకుంటూ డెక్ కట్టి ఆడే పద్ధతి) మన డెక్‌ని మనమే గ్రేవ్‌యార్డ్‌లోకి, అంటే వాడేసిన కార్డుల కుప్పలోకి, పోసుకుని, అక్కడ ఎన్ని క్రీచర్లు (జీవుల కార్డులు) ఉంటే అన్ని సాలీళ్లను దింపి, తర్వాత ఫ్లాష్‌బ్యాక్‌తో (గ్రేవ్‌యార్డ్ నుంచే కార్డును మళ్లీ వేసే వీలు) ఇంకోసారి దింపితే అవతలివాడి మొహం చూడాలి!

2012 ఫిబ్రవరిలో వచ్చిన డార్క్ అసెన్షన్ చిన్నది, 158 కార్డులే. చచ్చిన క్రీచర్ ఇంకాస్త బలంగా లేచొచ్చే అన్‌డయింగ్ ఒక్కటి చాలు, డబ్బులు గిట్టుబాటే.

మేలో వచ్చిన అవాసిన్ రీస్టోర్డ్ దగ్గరే నాకు ఒళ్లు మండింది. దేవదూత అవాసిన్ విడుదలైంది, మనుషులు గెలిచారు, బాగానే ఉంది, కానీ తిరగేసే కార్డులూ ఫ్లాష్‌బ్యాక్ కూడా వెళ్లిపోయాయి. మిరకిల్ అనే రకం కార్డు ఆటలో చవగ్గా పడాలంటే ఆ టర్న్‌లో తీసే మొదటి కార్డు అదే కావాలి, అంటే లాటరీ. డ్రాఫ్ట్‌లో ఎవరైనా వుల్ఫిర్ సిల్వర్‌హార్ట్ దింపి ఇంకో క్రీచర్‌తో జత కట్టారంటే రెండింటికీ చెరో +4/+4 (కొట్టే బలం, తట్టుకునే బలం నాలుగేసి పెరుగుతాయి), దాన్ని చంపే కార్డు దొరకడమే గగనం. గ్రిసెల్‌బ్రాండ్, కావర్న్ ఆఫ్ సోల్స్ కార్డులు కావాలనుకుంటే విడిగా కొనుక్కోండి, ప్యాక్‌లు చించకండి.

పాత బాక్సులు ఇప్పుడు దాచుకునేవాళ్లకే గానీ ఆడేవాళ్లకు కాదు. 2025 జనవరిలో వచ్చిన ఇన్నిస్ట్రాడ్ రీమాస్టర్డ్‌లో ఈ మూడింటితో పాటు తర్వాతి ఇన్నిస్ట్రాడ్ సెట్ల కార్డులనూ ఏరి కలిపారు, స్నేహితులతో డ్రాఫ్ట్ ఆడాలంటే అది తీసుకోండి.