పక్షుల ఫోటోలకు నికాన్ డి500నా, కెనాన్ 7డి మార్క్ 2నా?

రెండూ క్రాప్ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సార్) ఉన్న కెమెరా బాడీలే, సెకనుకు 10 ఫ్రేములు తీసేవే. రెండింటి తయారీ ఆగిపోయింది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవాలి.

నా ఓటు డి500కే, కారణం ఫోకస్. దాని 153 ఫోకస్ పాయింట్లు (కెమెరా ఫోకస్ పట్టగల చోట్లు) ఫ్రేములో అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకుని ఉంటాయి. పులికాట్‌లో ఫ్లెమింగో ఒక్కసారిగా లేచి ఫ్రేము అంచుకు జరిగినా పట్టు వదలదు. కెనాన్‌వి 65, తక్కువేం కాదు గానీ, అంచుల దాకా రావు. బటన్ నొక్కి పట్టుకుంటే కెనాన్ 31 రా ఫైళ్లకే (సెన్సార్ పట్టినదంతా ఉండే పెద్ద ఫోటో ఫైళ్లు) ఆయాసపడుతుంది. నికాన్ 200 దాకా లాగుతుంది, కాకపోతే దానికి ఎక్స్‌క్యూడీ లాంటి వేగమైన మెమరీ కార్డు కావాలి, ఆ ఖర్చు వేరే!

ఇంట్లో ఇప్పటికే కెనాన్ 400 ఎంఎం లెన్స్ ఉంటే మాత్రం బాడీ కోసం కంపెనీ మారడం దండగ.