దేహదానం: అమ్మ శరీరాన్ని గౌరవించారు, అమ్మ మాటను మాత్రం మొదట్లో వినలేదు

దేహదానం చేయాలని ఉండి, ఎవరిని అడగాలో తెలియక ఆగిపోయే ఆడవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా అమ్మ తన శరీరాన్ని, తను పోయాక విద్యార్థులు దాన్ని చూసి శరీర నిర్మాణం నేర్చుకోవడానికి, ఒక మెడికల్ కాలేజీ అనాటమీ విభాగానికి రాసిచ్చింది. కాలేజీ పేరు చెప్పను.

మొదటి రోజు అనుభవం బాగాలేదు. అమ్మకు గర్భసంచి ఎప్పుడో తీసేశారు, తర్వాత క్యాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీశారు. "ఇన్ని తీసేసిన ఒళ్లు వాళ్లకు పనికొస్తుందా" అన్నదే ఆమె టెన్షన్ అంతా. కౌంటర్‌లో ఉన్నాయన ఆమె అడిగిన ప్రతిదానికీ మా అన్నయ్య వైపు చూసి జవాబు చెప్పాడు. "మీ అబ్బాయి ఒప్పుకున్నారా అమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. చనిపోయాక శరీరాన్ని అప్పగించాల్సింది ఇంట్లోవాళ్లే కాబట్టి వాళ్ల సంతకం ఎందుకు అడుగుతారో నాకు అర్థమైంది. కానీ ఫారంలో "భర్త/కుమారుడు" అని మాత్రమే ఎందుకుండాలి? కూతురిని, పక్కనే నిలబడి ఉన్నాను.

అక్కడితో వెనక్కి వచ్చేసేవాళ్లమే, ఇంతలో అనాటమీ ప్రొఫెసర్ మేడమ్ బయటికొచ్చి అమ్మ పక్కన కూర్చున్నారు. నా దృష్టిలో ఈ సేవలో అన్నిటికంటే విలువైనవి ఆ అరగంటే. పుస్తకంలో బొమ్మలన్నీ ఏ ఆపరేషనూ జరగని ఒంటివి, రేపు మా మెడికల్ పిల్లలు డాక్టర్లయ్యాక వాళ్ల దగ్గరికి వచ్చే పేషెంట్లు అలా ఉండరు, గర్భసంచి తీశాక పేగులు ఎక్కడ అతుక్కుంటాయో, చంకలో గడ్డలు తీశాక అక్కడ ఏం మిగులుతుందో చేత్తో తాకి చూస్తేనే తెలుస్తుంది అన్నారు. ఎప్పుడు తీసుకోరో కూడా దాచకుండా చెప్పారు: పోస్ట్‌మార్టం జరిగితే, హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటివి ఉంటే, శరీరం పాడైపోతే. అందుకే ప్రాణం పోయిన కొన్ని గంటల్లోనే కబురు చెప్పాలి. కళ్లు దానం చేసినా తీసుకుంటారట, వేరే అవయవాలు ఇస్తే మాత్రం ముందే అడగాలి.

అమెరికాలోని కొలరాడోలో ఉండిన సూసన్ పాటర్ గురించి ఆ మేడమే చెప్పారు. 1990లలో అక్కడ ఒక మగ శరీరాన్ని, తర్వాత ఒక ఆడ శరీరాన్ని గడ్డకట్టించి సన్నటి పొరలుగా కోసి ఫొటోలు తీశారు, అవి ఈరోజుకీ పాఠాలకు వాడతారు. పాటర్ 2000లో తనంతట తానే వెళ్లి నన్నూ తీసుకోండి అన్నారు. ఆవిడకూ రొమ్ములు తీసేశారు, తుంటి మార్చారు, షుగర్ ఉంది. అయినా తీసుకున్నారు. తనను ఉంచబోయే గదిని బతికుండగానే చూపించమని అడిగి చూశారు. 2015లో 87 ఏళ్ల వయసులో పోయాక ఆవిడ శరీరాన్ని 27,000 పొరలుగా కోశారు. ఇది విన్నాక అమ్మ కూడా "నన్ను పెట్టే చోటు చూపిస్తారా" అంది. శరీరం పాడవకుండా మందు ఎక్కించే ఎంబామింగ్ గది చూపించారు. ఆ మందు పేరు ఫార్మాలిన్, దాని వాసనకు నా కళ్లు మండి నీళ్లొచ్చాయి. అమ్మ మాత్రం బల్ల మీద చెయ్యి వేసి "చల్లగా ఉంది" అని ఊరుకుంది, బయటికొచ్చి సంతకం పెట్టింది.

అమ్మ పోయిన రాత్రి ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తారు. వచ్చిన ఇద్దరూ తొందరపెట్టలేదు, దుప్పటి సరిచేసి, మేం చెప్పేదాకా పక్కన నిలబడ్డారు. దీనికి ఎన్ని మార్కులిచ్చినా తక్కువే.

తర్వాత మాత్రం ఏడాది పాటు ఒక్క ముక్క కబురు లేదు. ఎంతకాలం ఉంచుకుంటారో నేనే నాలుగుసార్లు ఫోన్ చేసి కనుక్కోవాల్సి వచ్చింది. ఇది మార్చుకోవాలి, ఒక ఉత్తరం చాలు.

చివరికి దాతల సంస్మరణ సభకు పిలిచారు. ఒక ఫస్టియర్ అమ్మాయి మాట్లాడుతూ, తమ బల్ల మీద ఉన్న ఆవిడకు ఎడమ రొమ్ము లేదని, ఆ మచ్చ చూశాక తమ బ్యాచ్‌లో ఎవరూ చాలాసేపు కత్తి పట్టలేకపోయారని చెప్పింది. దాతల పేర్లు పిల్లలకు చెప్పరు. నేనూ ఏమీ అడగలేదు, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చున్నాను.

పోయిన వారం వెళ్లి నా ఫారం తెచ్చుకున్నాను. "భర్త/కుమారుడు" అన్న మాట ఇంకా అలాగే ఉంది. దాన్ని కొట్టేసి నా కూతురి పేరు రాశాను, మేడమ్ తీసుకున్నారు.