40 కార్డులు, ఒక్క ఫోన్: మా పదో తరగతిలో ప్లికర్స్

బోరబండ వైపు ఒక సర్కారు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా పిల్లల్లో చాలామందికి సొంత ఫోన్ లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ పొద్దున్నే నాన్నతో పాటు పనికి పోతుంది. ఉన్నవాళ్లను కూడా బడికి తేనివ్వం. మరి ఆన్‌లైన్ క్విజ్ పెడితే పిల్లలు దేనిమీద నొక్కాలి? దీనికి నాకు దొరికిన గట్టి జవాబు ప్లికర్స్ అనే క్విజ్ యాప్. ఫోన్, నెట్ టీచరుకు ఉంటే చాలు. పిల్లల చేతిలో ఉండేది కాగితమే.

కార్డులు ప్లికర్స్ సైట్‌లో ఉచితం. మామూలు సెట్‌లో 40 ఉంటాయి. ఒక్కోదాని మీద క్యూఆర్ కోడ్‌ను పోలిన నల్లటి గళ్ల బొమ్మ, నాలుగు అంచుల్లో ఏ, బీ, సీ, డీ అని సన్నటి అక్షరాలు. ప్రశ్న తరగతి గదిలోని డిజిటల్ ప్యానెల్ (పెద్ద తెర) మీద కనిపిస్తుంది. తాము అనుకున్న జవాబు అక్షరం పైకి వచ్చేలా పిల్లలు కార్డు పట్టుకుంటారు. నేను ఫోన్ కెమెరాను గది ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పితే, ఎవరు ఏం చెప్పారో పేర్లతో సహా నా ఫోన్లో పడుతుంది. ఏ రెండు కార్డుల బొమ్మా ఒకలా ఉండదు కాబట్టి పక్కవాళ్లను చూసి తిప్పడం కుదరదు. చేతులెత్తమంటే ముందు బెంచీ వాళ్లు ఎత్తుతారు, వాళ్లను చూసి మిగతావాళ్లు ఎత్తుతారు. ఇక్కడ ఆ దారి లేదు, తప్పు చెప్పినా నలుగురిలో పరువు పోదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

విద్యుత్ ప్రవాహం పాఠంలో ఈ ప్రశ్న పెట్టాను: ఒకేలాంటి రెండు బల్బులను బ్యాటరీకి శ్రేణిలో (ఒకదాని వెనక ఒకటిగా) కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది? ధన ధ్రువం పక్కనున్నది ఏ, రుణ ధ్రువం పక్కనున్నది బీ, రెండూ సమానం సీ, ఏదీ వెలగదు డీ. అంతకు ముందు రోజే ఓమ్ నియమం గడగడా అప్పజెప్పిన తరగతి అది. సగానికి పైగా ఏ పెట్టారు. మార్కుల్లో ముందుండే పిల్లలూ అందులో ఉన్నారు. కారణం అడిగితే ఒకడు, "కరెంటు మొదటి బల్బులనే సగం ఖర్చయితది గద మేడమ్" అన్నాడు.

నేను జవాబు చెప్పలేదు. పక్కవాళ్లతో వాదించుకొమ్మన్నాను. హార్వర్డ్ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది: ముందు ఓటు, తర్వాత చర్చ, మళ్లీ ఓటు. చర్చ నడుస్తుండగా ఫెట్ సిమ్యులేషన్‌లో (తెర మీదే ప్రయోగం చేసి చూసే ప్రోగ్రామ్) అదే సర్క్యూట్ కట్టి, కరెంటును కొలిచే అమ్మీటర్ ఒకసారి మొదటి బల్బుకు ముందు, ఒకసారి రెండు బల్బుల మధ్య పెట్టి చూపించాను. ఫెట్ కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లది, నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు, సైట్‌లో ఉచితం. సిమ్యులేషన్లను ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి.

కిటికీ పక్కన కూర్చునే ఒక అమ్మాయి ఉంది, అడిగితే తప్ప నోరు తెరవదు. కార్డును ఏ నుంచి సీకి తిప్పింది, మళ్లీ ఏకి తిప్పింది, ప్యానెల్ వైపు చూసి తనంతట తనే లేచింది. "మేడమ్, అమ్మీటర్ రెండు దిక్కుల ఒకటే చూపిస్తున్నది. మరి కరెంటు యాడ ఖర్చయింది?" ఖర్చయ్యేది కరెంటు కాదు, శక్తి అన్న మాట నేను చెప్పేలోపే వెనక బెంచీ నుంచి వచ్చేసింది. రెండో ఓటులో దాదాపు అందరూ సీ.

కహూట్ అనే ఆన్‌లైన్ క్విజ్ కూడా మంచిదే, కానీ అందులో మామూలుగా పిల్లలకు తలా ఒక ఫోనో, కంప్యూటరో కావాలి. పైగా త్వరగా చెప్పినవాళ్లకు ఎక్కువ పాయింట్లు. పరీక్షల ముందు రివిజన్‌కు ఆ హుషారు బాగుంటుంది. కొత్త పాఠంలో మాత్రం నిదానంగా ఆలోచించేవాళ్లకు అది అన్యాయం అని నా అభిప్రాయం.

ప్లికర్స్ ఉచిత ఖాతాలో ఒక్కో ప్రశ్నల సెట్‌కు ఐదు ప్రశ్నలే పెట్టగలం. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌కు మూడే ఎక్కువ, కాబట్టి డబ్బు కట్టాల్సిన అవసరం నాకు కనిపించలేదు. అన్నీ బహుళైచ్ఛిక ప్రశ్నలే కావడం అసలైన పరిమితి. పదో తరగతి పరీక్షలో పార్ట్ బి బిట్లకు సరిపోతుంది గానీ, లెక్క చేయించాలన్నా, పటం గీయించాలన్నా నోటుపుస్తకమే గతి. ప్రశ్నలు తయారు చేసుకోవడానికి సమయం పడుతుంది. తప్పు జవాబులు గాల్లోంచి రాయకూడదు, పిల్లల పాత జవాబు పత్రాల్లోంచి ఏరాలి. పైన బల్బుల ప్రశ్నలోని 'ఏ' జవాబు నాకు అలా దొరికిందే.

కార్డులు దళసరి కాగితం మీద తీయించండి, పేజీకి రెండు చొప్పున 20 పేజీలు. జిరాక్స్ షాపులో మెరిసే లామినేషన్ చేస్తామంటారు, వద్దనండి, ట్యూబులైటు వెలుగు దానిమీద పడితే కెమెరా చదవలేదు. నల్లటి బొమ్మ మీద వేళ్లు పడకుండా అంచులు పట్టుకోవడం మొదటి రోజే నేర్పండి. కార్డు నంబరు, హాజరుపట్టీలో రోల్ నంబరు ఒకటే ఉంచితే పంచడం సులువు. నావి బీరువాలో ఆ వరుసలోనే ఉంటాయి, పీరియడ్ మొదలవగానే పిల్లలే తీసుకుంటారు.