కుట్టిన సోలు, అతికించిన సోలు

రెండు రకాల బూట్లకూ తొలి పని ఒకటే. పాదం ఆకారంలో ఉన్న అచ్చు మీద పైతోలును బిగలాగి అమర్చుతారు. 1883లో అమెరికాలో జాన్ మాట్జెలిగర్ ఈ పని చేసే తన యంత్రానికి పేటెంటు పొందేదాకా ఇది ప్రధానంగా చేతిపనే.

తేడా సోలు దగ్గర వస్తుంది. వెల్ట్ పద్ధతిలో పైతోలును, లోపలి అట్టను, చుట్టూ తిరిగే సన్నని తోలు పట్టీని ఒక కుట్టుతో కలిపి, ఆ పట్టీకి అడుగు సోలును మరో కుట్టుతో బిగిస్తారు కనుక, సోలు అరిగినప్పుడు పైతోలును కదపకుండానే దాన్ని మార్చవచ్చు. రెండో పద్ధతిలో తోలు అంచును గరుకుగా గీకి, జిగురు పూసి, ఆరనిచ్చి, వేడి తగిలించి ప్రెస్సు కింద నొక్కుతారు. ధర తక్కువ, బరువూ తక్కువే.

అయితే విశాఖ గాలిలో తేమను మరచిపోరాదు. రెండేళ్లు అలమారాలో దాచిన నా అతుకుబూట్లను ఒక పెళ్లికని తీస్తే, పాలియూరిథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన సోలు పిండిలా రాలింది. జగదాంబ కూడలి దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దాన్ని వేలితో గిల్లి, “జిగురు బాగానే ఉంది బాబూ, సోలే చివికిపోనాది” అన్నాడు. ఆ పదార్థాన్ని తేమ క్రమంగా విడగొడుతుంది. కుట్టినా ఫలితం అదే. కాబట్టి కుట్టు కన్నా ముందు సోలు దేనితో చేశారో అడగాలి.

ఆఫీసుకైతే రబ్బరు సోలున్న వెల్ట్ బూట్లనే ఎంచుకుంటాను. తడిస్తే ఆరడానికి రోజులు పట్టే ఆ బరువును బీచ్ రోడ్డు నడకకు మాత్రం మోయలేను. అక్కడికి అతికించినవే నయం.