కడియం నుంచి తెచ్చిన క్రిస్మస్ చెట్లు: రెండు ఎండాకాలాలు చూశాక రాస్తున్నాను

మాది అమలాపురం దగ్గర ఊరు. ఇంటి ముందు జాగాలో కొబ్బరి, అరటి కాకుండా ఆకారం వేరేగా ఉండే చెట్టు ఒకటైనా ఉండాలని మా అమ్మాయి పట్టుబడితే, రెండేళ్ల కిందట ఆషాఢంలో కడియం దగ్గర కడియపులంక వెళ్లాం. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటి జొన్నాడ మీదుగా హైవేలో వెళ్తుంటే ఇక రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలే కదా, అందులో ఒకదాంట్లో ఆగాం. పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే విషయం ఆ ఒక్క నర్సరీకే కాదు, మట్టి ఉండతో మొక్కలమ్మే ఎవరికైనా వర్తిస్తుంది.

కొన్నవి ఇవి, అన్నీ పూలు పూయని కోనిఫర్ జాతివే: రెండడుగుల అరకేరియాలు రెండు (ఒక్కోటి 450, క్రిస్మస్ చెట్టని అమ్మేది ఇదే), తూజాలు నాలుగు (ఒక్కోటి 120, మోర్‌పంఖి అని కూడా అంటారు), జూనిపర్ ఒకటి (350). మొక్కలు చూడ్డానికి ఎంత బాగున్నాయంటే బేరం కూడా గట్టిగా ఆడలేదు. గడ్డి చుట్టి, తాడు కట్టి ఆటోలో ఎక్కించారు, ఇంటికొచ్చేసరికి ఒక్క కొమ్మ విరగలేదు. ప్యాకింగ్ విషయంలో కడియం వాళ్లకు వంక పెట్టలేం.

వినాయక చవితి దాటేసరికి రెండు తూజాలు, జూనిపర్ ఎర్రబారిపోయాయి. ఈ కోనిఫర్ జాతి మొక్కలతో వచ్చే చిక్కే ఇది: వేరు చచ్చాక కూడా వారాల తరబడి పైన పచ్చగానే కనిపిస్తాయి, మనకు రంగు తేడా తెలిసేసరికి చేయడానికేమీ ఉండదు. పైగా నీళ్లు ఎక్కువైనా అదే రంగు, తక్కువైనా అదే రంగు. నేనేమో ఎండిపోతోందనుకుని రోజూ ఇంకో బిందె పోశాను.

తూజా ఒకటి పీకి చూశాను. ఎర్రమట్టి ఉండ కవర్లో ఎలా ఉందో అలాగే, ఒలిచిన కొబ్బరికాయంత గట్టిగా బయటికొచ్చింది. పలుగుతో పగలగొడితే లోపల వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి, ఒక్క వేరు కూడా మా మట్టిలోకి రాలేదు. మురికికాలవ వాసన. వేరును రెండు వేళ్లతో పట్టుకుని లాగితే పైతొక్క జారిపోయి లోపలి దారం మాత్రం చేతిలో మిగిలింది. నల్లరేగడిలో గుంత తీసి ఆ ఉండను అలాగే కూర్చోబెట్టాను కాబట్టి, ముసురు పట్టిన ప్రతిసారీ గుంత తొట్టిలా నిండి, నీళ్లు ఎటూ ఇంకకుండా అక్కడే ఉండిపోయాయి.

ఫోన్లో ఫొటోలు తీసుకుని నర్సరీకి మళ్లీ వెళ్లాను. గల్లా దగ్గరున్నాయన "నీళ్లెక్కువ పోసేశారండి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. కొనేటప్పుడు ఆ ముక్క చెప్పి ఉంటే బాగుండేది, నాకు కోపమంతా అక్కడే. బంకమట్టి ఉండ చేసేది లారీలో వేరే రాష్ట్రాలకు వెళ్లేటప్పుడు వేరు కదలకుండా ఉండడానికి. ఆ పని అది బాగానే చేస్తుంది, కానీ నాటేటప్పుడు దాన్ని ఏం చేయాలో కొన్నవాళ్లకు చెప్పాలి కదా.

చెప్పింది అక్కడ కలుపు తీస్తున్న పెద్దావిడ. "ఆయ్, ఇలాగే పెట్టేస్తే బతకదండి. బక్కెట్లో నానబెట్టి పైన మట్టి వేళ్లతో వదులు చేయండి. పల్లంలో వద్దు, మెరక చేసి పెట్టండి, గోదారి ఇసుక కలపండి" అని, నేను అడక్కుండానే ఒక మొక్క తీసుకుని చేసి చూపించింది. ఆమె చెప్పినట్టే మోకాలెత్తు దిమ్మ కట్టి, ఇసుక, కొబ్బరిపొట్టు, బాగా చివికిన గెత్తం కలిపి ఇంకో మూడు తూజాలు పెట్టాను. మూడూ బతికాయి. జూనిపర్ మళ్లీ కొనలేదు, మా ముసురుకు, మా ఉక్కకు దాన్ని కాపాడుకోవడం నావల్ల కాదు.

అరకేరియా మాత్రం కళ్లు మూసుకుని కొనుక్కోండి. పసిఫిక్‌లో నార్‌ఫోక్ అనే చిన్న దీవి దీని పుట్టిల్లు, ఉప్పుగాలి దీనికి కొత్త కాదు. మాది ఇప్పుడు నా ఛాతీ దాకా వచ్చింది, అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు వేస్తుంటే పొద్దున్నే చూడ్డానికి ఎంత హాయిగా ఉంటుందో! రెండోదాని కవర్లో మూడు నారు మొక్కలు కలిపి పెట్టి గుబురుగా కనిపించేలా అమ్మారని తర్వాత తెలిసింది, అవి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. కాబట్టి కొనేముందు మొదలు దగ్గర వంగి కాండాలు లెక్కపెట్టండి, నడినెత్తి చిగురు విరగలేదు కదా చూడండి. ఆ చిగురు పోతే చెట్టుకు ఆ రూపం మళ్లీ సరిగా రాదు. పక్క కొమ్మ నాటితే వేరు వస్తుందేమో గానీ అది పక్కకే పాకుతుంది, నిటారుగా లేవదు. ఇంకో మాట, నార్‌ఫోక్ పైన్ (అంటే ఈ అరకేరియానే) అని చెప్పి చాలాచోట్ల అమ్మేది దాని దాయాది కుక్ పైన్. 2017లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం అది ఎక్కడ పెరిగినా భూమధ్యరేఖ వైపు వాలుతుంది, అంటే మన దగ్గర దక్షిణానికి. చెట్టు కాస్త ఒరిగితే కంగారు పడకండి.

అన్నట్టు, అంతర్వేది వైపు సరుగుడు తోటలు చూసి అవీ ఈ కోనిఫర్ జాతేనని చాలాకాలం అనుకునేదాన్ని. కాదు, సరుగుడు పూలు పూసే వర్గం, మనం ఆకులనుకునే ఆ సూదులు సన్నటి కొమ్మలు.

తూజాలకు వైశాఖంలో ఎర్రనల్లి వచ్చింది. ఆకు దుమ్ము పట్టినట్టు వెలవెలబోతే తెల్లకాగితం కింద పెట్టి కొమ్మ తట్టండి, చుక్కలు కదిలితే అదే. నేను పొద్దున్నే పైపుతో కొమ్మల లోపలికి గట్టిగా నీళ్లు కొట్టాను, పది రోజుల్లో తగ్గింది. కత్తిరింపు పచ్చని భాగం వరకే, లోపలి ఎండుపుల్ల దాకా కోస్తే అక్కడ మళ్లీ చిగురు రాదు.

మొక్కలకు 5కి 4 ఇస్తాను, అమ్మేటప్పుడు చెప్పాల్సింది చెప్పనందుకు 2. ఆ పెద్దావిడకు మాత్రం పూర్తి 5.

కార్తీకంలో మళ్లీ వెళ్తున్నాను, ఈసారి పోడోకార్పస్ కోసం, అదీ ఈ కోనిఫర్ జాతిదే. అమలాపురం చుట్టుపక్కలవాళ్లు ఎవరైనా వస్తానంటే చెప్పండి, ట్రాలీ ఆటో కిరాయి పంచుకుందాం.